జాకెట్టు ముక్కల పందిరి

పెళ్ళిలో నాకు వచ్చిన జాకెట్టు ముక్కలు ఒక సూట్‌కేసు నిండా అయ్యాయి. పెళ్ళయ్యాక చుట్టాలిళ్ళన్నీ చుట్టి వచ్చేసరికి ఇంకో సంచీ నిండింది. తాంబూలంలో అరటిపళ్ళు మా ఆయన అభిరామ్ దారిలోనే తినేస్తాడు. తమలపాకులు వాడిపోతాయి. ముక్క మాత్రం మిగులుతుంది. అన్ని ముక్కల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా నా చీరల్లో దేనికీ నప్పదు. నప్పాలని ఇచ్చినవాళ్ళు అనుకోరు, కుట్టించుకోవాలని పుచ్చుకున్నవాళ్ళు అనుకోరు. బీరువాలో కొన్నాళ్ళు పడుకుని, ఇంకెవరి పేరంటానికో బయల్దేరి పోతాయి. మా అమ్మ కూడా నా సూట్‌కేసు సర్దుతూ, జాగ్రత్తగా దాచుకో, రేపు నువ్వూ ఇవ్వాలిగా అంది.

నేను దాచుకోలేదు. అక్కడే వచ్చింది తంటా అంతా.

మేం అద్దెకి దిగింది చిక్కడపల్లిలో, లైబ్రరీ వెనక సందులో, ఒక పాత ఇంటి డాబా మీద. ఇల్లంటే ఒక గదీ, ఒక వంటిల్లూ. కానీ తలుపు తీస్తే ఎదురుగా డాబా అంతా మాదే. అంటే ఓనర్లదే, మా గుమ్మం ముందుంది కాబట్టి నేను మాదనుకునేదాన్ని. పొద్దున్నే ఇద్దరం పిట్టగోడ మీద కాఫీ గ్లాసులు పెట్టుకుని, కింద సందులో కూరలబండి ఎవరి గుమ్మం ముందు ఆగుతుందో పందెం కాసేవాళ్ళం. ఓడినవాళ్ళు గ్లాసులు కడగాలి. అభిరామ్ గ్లాసులు బాగా కడుగుతాడు.

ఆ ఇల్లు మాకు చూపించింది హైమవతి గారు. మా అమ్మకి స్నేహితురాలు, మా ఇంటి ఓనరు సూర్యనారాయణమూర్తి గారికి చెల్లెలు, గాంధీనగర్‌లో ఉంటారు. మూర్తి గారు ఎప్పుడూ నవ్వుతూ ఉంటారు గానీ, ఇంట్లో ఏ సంగతైనా తేల్చేది ఆయన భార్య అన్నపూర్ణ గారే.

జనవరి మొదట్లో ఒక సంగతి తేలబోతోందని తెలిసింది. మా చుట్టుపక్కల డాబాలన్నిటి మీదా రేకుల గదులు లేచాయి. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లకి వచ్చేవాళ్ళు వాటిల్లో ఉంటారు. పక్క డాబా మీద ఒకాయన రోజూ అటూ ఇటూ నడుస్తూ రాజ్యాంగ సవరణలు బట్టీ పడతాడు. ఆయన పుణ్యమా అని నలభై రెండో సవరణ దాకా నాకూ వచ్చేసింది. మా డాబా మీద కూడా అలాంటి గది వేయిద్దామని ఓనర్లు అనుకుంటున్నారట. రేకుల మేస్త్రీ పీరయ్యతో మాట కూడా అయిందట. అంటే మా గుమ్మం ముందు గోడ. గోడకి అవతల ముగ్గురు సవరణలు చదివేవాళ్ళు. కాఫీ గ్లాసులకి చోటు లేదు.

నేను కిందికి పరిగెత్తి, డాబాని ఎంతో అందంగా తయారుచేస్తానని, ఒక్క అవకాశం ఇవ్వమని అన్నపూర్ణ గారిని బతిమాలాను. ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ అంతా విన్నారు.

"రథసప్తమికి మావాళ్ళంతా డాబా మీదకే వస్తారు. ఆలోపల ఏం చేస్తావో చెయ్యి. నాకు నచ్చితే ఉంచుతాను, లేకపోతే మర్నాడు పీరయ్య వచ్చి కొలతలు తీసుకుంటాడు," అన్నారు.

నాకు అప్పటికే మనసులో ఒక బొమ్మ ఉంది. బోహీమియన్ ప్యాటియో. ఫోన్లో నేను దాచుకున్న ఫొటోలన్నీ అవే. నేల మీద పరుపులు, రంగురంగుల దిండ్లు, వేలాడే మొక్కలు, నెత్తిన గుడారం. అభిరామ్‌ని కూర్చోబెట్టి వివరించాను. ఇందులో ఒక వస్తువు ఇంకో వస్తువుకి జత కుదరకూడదు, అన్నీ ఎక్కడెక్కడి నుంచో వచ్చినట్టుండాలి, కానీ మొత్తం చూస్తే హాయిగా ఉండాలి అన్నాను. తన హాస్టల్ గది సరిగ్గా అలాగే ఉండేదని, దానికి ఇంత మంచి పేరుందని తెలియక వార్డెన్ చేత తిట్లు తిన్నానని అన్నాడు.

కాచిగూడలో పాతసామాన్ల కొట్లో ఒక నవారు మంచం దొరికింది. దాన్ని ఆటోలో అడ్డంగా పెట్టుకుని, మేం దాని కింద కూర్చుని వచ్చాం. మూత పోయిన కుక్కరులో మనీప్లాంటు, చెవి విరిగిన కాఫీ కప్పుల్లో పుదీనా పెట్టాను. పెళ్ళిలో మా ఇద్దరి మధ్యా పట్టుకున్న అడ్డుతెరని మా గుమ్మానికి పరదాగా కట్టాను. దాని వెనక నించుని అభిరామ్ రోజుకోసారి, సుముహూర్తం అయిందా, తొంగిచూడొచ్చా అని అడిగేవాడు. మూడోరోజుకి కూడా నాకు నవ్వొచ్చింది. కొత్త కదా.

గుడారానికి మాత్రం ఏం చెయ్యాలో తోచలేదు. బజార్లో చూసిన గుడ్డలన్నీ ఒకే రంగువి. అప్పుడు సూట్‌కేసు మీద కన్ను పడింది. మూత తీసేసరికి ఎంత ఆనందమేసిందో. ఏ ముక్కకీ ఏ ముక్కా జత కాదు. అన్నీ ఎక్కడెక్కడి నుంచో వచ్చినవే.

వాటిని మంచం మీద పరిచి ఒక సాయంత్రమంతా పేక ముక్కల్లా మార్చి మార్చి పేర్చాను. కనకాంబరం రంగు మీద చిన్న చిన్న ఏనుగులున్నది ఒకటి, హైమవతి గారు పెళ్ళిలో ఇచ్చింది. దాని మూల ఎవరో నీలం దారంతో బుల్లి ముడి కుట్టారు. నేసినవాళ్ళ గుర్తు కాబోలనుకుని, ముచ్చటేసి, ఆ మూల పైకి కనబడేలా పెట్టాను. నెమలికంఠం రంగు మీద వెండి మామిడిపిందెలున్నది ఇంకొకటి, మేం ఈ ఇంట్లో పాలు పొంగించిన రోజు అన్నపూర్ణ గారు ఇచ్చింది. ఆ రెంటినీ పక్కపక్కన పెడితే ఎంత అందంగా కుదిరాయో. పందిరి నడిమధ్యన అవే ఉండాలనుకున్నాను.

మా సందు చివర టైలరు రాఘవేందర్ మూటంతా విప్పి చూసి, ఇవన్నీ ఒక్కరికేనా మేడం అని అడిగాడు. సంగతి చెప్పాను. కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"జాకెట్లు కుట్టిన, పరదాలు కుట్టిన. జాకెట్టు ముక్కలతోని పందిరి కుట్టుడు గిదే ఫస్ట్. కొలతలు ఎవరివి తీసుకోవాలె మేడం, డాబావా?" అన్నాడు.

ఆయన బాగా కుట్టాడు. చుట్టూ గట్టి పట్టీ వేసి, తాళ్ళు కట్టుకోడానికి రింగులు కూడా బిగించాడు. శనివారం సాయంత్రం పందిరి ఎత్తాం. ఒకవైపు మా గోడ మేకులకి, ఇంకోవైపు నీళ్ళ ట్యాంకు పైపుకి. తూర్పు వైపు మాత్రం పిట్టగోడ దాకా ఏటవాలుగా దించి కట్టాం, అలా వాలితేనే గుడారంలా ఉంటుందని. పక్క డాబా ఆయన చదవడం ఆపేసి చూశాడు. నాకు అదే పెద్ద బహుమతి అనిపించింది.

రథసప్తమి నాడు మూర్తి గారి పుట్టినరోజు కూడా. ఆ రోజు పుట్టారనే ఆ పేరు. పొద్దున్నే వాళ్ళ చుట్టాలు మెట్లెక్కి వచ్చారు, ఆడవాళ్ళే ఏడెనిమిది మంది, ముందు హైమవతి గారు. అందరూ కుక్కర్లో మొక్కని, కప్పుల్లో పుదీనాని చూసి ఏదో ఒకటి అన్నారు. మూర్తి గారు ఎవరూ అడక్కుండానే నవారు మంచం ఎక్కి కూర్చుని, దిగనన్నారు. నాకు ధైర్యం వచ్చింది.

అన్నపూర్ణ గారు ఇటుకల మధ్య పిడకలు పేర్చి వెలిగించి, పాలగిన్నె పెట్టి, చిక్కుడాకులు పక్కన సర్దుకున్నారు. సూర్యుడికి ఎదురుగా పొంగించాలి కదా. తూర్పుకి తిరిగి తల ఎత్తారు. సూర్యుడు కనబడలేదు. నా పందిరి కనబడింది.

"రథసప్తమి పూట ఆయనకే అడ్డం కట్టావా, మహితా?"

రంగులు చూసుకున్నాను, రింగులు చూసుకున్నాను, సూర్యుడు ఎటు నుంచి వస్తాడన్నది చూసుకోలేదు. అభిరామ్ ఒక మూల విప్పుతానని పిట్టగోడ వైపు పరిగెత్తాడు.

ఈలోపు ఎండ పందిరిని వెనక నుంచి పట్టుకుంది. ముక్కలన్నీ ఒక్కసారి వెలిగాయి. మూర్తి గారి తెల్ల పంచె మీద ఆకుపచ్చ గడి పడింది, గిన్నెలో పాలు గులాబీ రంగుకి తిరిగాయి. అన్నపూర్ణ గారి ముఖం కాస్త మెత్తబడింది. బాగానే ఉందే అని గొణుగుతూ పందిరి కిందికి వచ్చి, ఒక్కొక్క ముక్కనే చూస్తూ నడిచారు. నేను వెనకాలే చేతులు నలుపుకుంటూ నడిచాను. నడిమధ్యకి వచ్చి ఆవిడ ఆగిపోయారు. చెయ్యి పైకెత్తి ఏనుగుల ముక్క మూలని వేళ్ళతో తడిమారు.

"ఇది నీకెవరిచ్చారమ్మా?"

జవాబు హైమవతి గారు, ఆవిడ నా పక్కనే గరిటె పట్టుకుని నించున్నారు. పెళ్ళిలో ఎంతోమంది ఇచ్చారని, అన్నీ కలిసిపోయాయని ఏదో అన్నాను. నాకే వినబడలేదు.

"నేను కొని ఇచ్చే ప్రతి ముక్కకీ మూల నీలం దారంతో ముడి వేస్తాను," అన్నారు అన్నపూర్ణ గారు, ఎవరి వైపూ చూడకుండా. "తిరిగి తిరిగి నా ఇంటికే వస్తే తెలుస్తుందని. ఈ ఏనుగులు కంచిలో కొన్నాను, హైమ గృహప్రవేశానికి. కొట్టంతా దింపించి ఏరాను."

ఆ మాటకి పక్క డాబా ఆయన కూడా సవరణలు ఆపాడు. నా కళ్ళకి పీరయ్య, అతని టేపూ కనబడుతున్నాయి.

హైమవతి గారు తల దించుకుంటారనుకున్నాను. దించుకోలేదు, ఎత్తారు. ఏనుగుల పక్క ముక్కని చూశారు. తర్వాత తన భుజం వైపు చూసుకున్నారు. అప్పుడు నేనూ చూశాను. ఆవిడ వేసుకున్న జాకెట్టు నెమలికంఠం రంగుది. వెండి మామిడిపిందెలది.

"వదినా, కాశీలో ఒకే తానులో రెండు ముక్కలు కోయించాను. ఒకటి నాకు, ఒకటి నీకు. మనిద్దరం ఒకేలా వేసుకుందామని," అన్నారు ఆవిడ, చాలా మెల్లగా.

ఇప్పుడు గరిటె అన్నపూర్ణ గారి చేతిలో ఉంటే బాగుండేది, పట్టుకోడానికి ఏదో ఒకటి. ఆవిడ చెంగు సవరించుకున్నారు. మళ్ళీ సవరించుకున్నారు. ఆ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి మురిసిపోయిన మనిషిని నేనే కాబట్టి, ఎక్కడికి పారిపోవాలో తెలియక అడ్డుతెర వైపు చూశాను.

ఇంతలో వెనక నుంచి ఎవరో, ఈ గళ్ళది నాదే కదూ అన్నారు. ఇంకొకరు, కాదు నాది, నేను మీకిచ్చాను, మీరెవరికిచ్చారు అన్నారు. అంతే. అందరి తలలూ పైకి లేచాయి. గ్రహణం చూస్తున్నట్టు మెడలు వెనక్కి వాల్చి, వేళ్ళు చూపిస్తూ, ఎవరి ముక్క ఏ ఇంటి నుంచి ఏ ఇంటికి వెళ్ళి ఎలా ఇక్కడికి చేరిందో లెక్కలు తీయడం మొదలుపెట్టారు. ఒక ఊదారంగు ముక్క ఆ గుంపులోనే నలుగురి చేతులు మారిందని తేలింది.

నాకు ఏడుపొచ్చేలా ఉంది. పందిరి విప్పేస్తాను ఆంటీ, కుట్లు విప్పించి ఎవరి ముక్కలు వాళ్ళకి ఇచ్చేస్తాను అన్నాను.

"వద్దు," అన్నారు నలుగురైదుగురు ఒకేసారి.

ఆ మాట వచ్చిన తొందరకి ముందు నవ్వింది హైమవతి గారు. గరిటె పట్టుకున్న చేత్తోనే నోరు మూసుకుని, భుజాలు కదిలేలా నవ్వారు. అన్నపూర్ణ గారు బిగబట్టి చూశారు గానీ ఎంతోసేపు ఆగలేకపోయారు. అందరూ అలా నవ్వుతుంటే మంచం మీద నుంచి మూర్తి గారు, పాలు పొంగుతున్నాయర్రా అని నెమ్మదిగా చెప్పారు. అభిరామ్ అప్పటికే ఒక మూల విప్పాడు. అక్కడి నుంచి ఎండ పలకలా దిగి సరిగ్గా గిన్నె మీద పడింది. పాలు ఏ రంగూ లేకుండా తెల్లగా పొంగాయి.

పరమాన్నం చిక్కుడాకుల్లో పెట్టుకుని అందరం పందిరి కిందే కూర్చున్నాం. అన్నపూర్ణ గారు సగం తిన్నాక నా వైపు తిరిగారు.

"ఇది విప్పితే ఇవన్నీ మళ్ళీ తిరగడం మొదలెడతాయి. ఇన్నేళ్ళు తిరిగి అలిసిపోయాయి పాపం, ఇక్కడే ఉండనీ. ఆ తూర్పు మూల మాత్రం ఎప్పుడూ విప్పే ఉంచు," అన్నారు. తర్వాత మూర్తి గారితో, పీరయ్యకి ఫోన్ చేసి రావద్దని చెప్పండి అన్నారు. ఆయన మంచం దిగకుండానే చేశారు.

అభిరామ్ అటు నుంచి నన్ను చూసి, కాఫీ గ్లాసు ఎత్తినట్టు చిక్కుడాకు ఎత్తాడు.

వెళ్ళేముందు పెద్దవాళ్ళందరూ నాకు బొట్టు పెట్టి తాంబూలాలు ఇచ్చారు. పందిరికి ఇంకో వరస కలుస్తుందని నేను లోలోపల సంబరపడుతున్నాను. అన్నపూర్ణ గారు గిన్నెలు పట్టుకుని ముందే మెట్లు దిగారు. హైమవతి గారు చివరగా వచ్చి అరటిపళ్ళూ, ఆకులూ, ఒక నిమ్మపండు రంగు ముక్కా నా చేతిలో పెట్టారు. అలవాటైపోయి నేను ముందు మూల చూశాను. నీలం దారంతో బుల్లి ముడి.

హైమవతి గారు నా చూపు చూశారు. మెట్ల వైపు ఒకసారి తొంగిచూసి, నా చెవి దగ్గరికి వంగారు.

"దీన్ని మాత్రం ట్యాంకు వెనక వైపు కుట్టించు తల్లీ."