గట్టిగా చెప్పాల్సిన పేరు

మా కెంటకీలో అప్పట్లో ఓటంటే కాగితం కాదు, గొంతు. కోర్టు మెట్ల మీద జిల్లా అధికారి షెరీఫు పిలవగానే మగాడు ముందుకొచ్చి, తన ఓటు ఎవరికో అందరికీ వినపడేలా చెప్పాలి. పోటీ చేసేవాళ్ళు అక్కడే కుర్చీల్లో కూర్చుని, తమ పేరు వినపడితే లేచి వంగి మర్యాద చేసేవాళ్ళు. ఆడవాళ్ళకి ఓటు లేదు గనక నేను మెట్ల పక్కన అల్లం రొట్టెలు అమ్ముకునేదాన్ని. అన్నీ చూశాను.

లాయరు లైసాండర్ ప్రాథర్ మా ఊరొచ్చినప్పుడు అతనికున్నదల్లా ఒక గుర్రం, ఒక మాసిన కోటు. కోర్టు నడిచినన్నాళ్ళూ తిండి మా ఇంట్లోనే.

"వదినా, నీ మొక్కజొన్న రొట్టె తింటే చాలు, జడ్జి ముందు మాట దానంతటదే వస్తుంది."

"వచ్చేది మాట కాదురా, తేన్పు," అనేవాడు మా ఆయన ఈనక్.

మా పొలంలో మంచి ఊట ఉండేది. మిల్లు యజమాని టాల్బట్ ఆ నేల తనదని దావా వేశాడు. "నేనుండగా మీకేం భయం?" అన్నాడు ప్రాథర్. ఆ ధైర్యంతో మా ఆయన లోపలి మాట కూడా చెప్పేశాడు. హద్దుకి గుర్తుగా గాట్లు పెట్టిన ఓక్ చెట్టుని మా మామగారు తెలియక కొట్టేసి, ఉయ్యాల తొట్టి చేయించారు. ఇక నేల మాదని చూపడానికి గుర్తే లేదు. ప్రాథర్ ఆ తొట్టిలోనే మా పిల్లదాన్ని ఊపుతూ విన్నాడు.

"ఇది ఈ గోడలు దాటకూడదన్నా," అన్నాడు.

ఆ ఆగస్టులో అతను శాసనసభకి నిలబడ్డాడు. టాల్బట్ గుడ్లురిమి చూస్తున్నా మా ఆయన "ప్రాథర్!" అని అరిచిన అరుపుకి కట్టేసిన గుర్రాలు బెదిరాయి. ప్రాథర్ గెలిచాడు.

తర్వాత దావా విచారణకొచ్చింది. ప్రాథర్ టాల్బట్ పక్కన కూర్చున్నాడు. పలకరింపుకేమో అనుకున్నాం. టాల్బట్ లాయరుగా లేచి, మా ఆయన్నే అడిగాడు:

"హద్దు చెట్టు ఎక్కడుంది?"

"నీకు తెలుసుగా లైసాండర్. నువ్వు ఊపావుగా," అన్నాడు మా ఆయన.

జనం గొల్లున నవ్వారు. పొలం పోయింది, అందులోని మా ఇల్లూ పోయింది.

బయట పట్టుకుని కడిగేశాను. "మా ఇంట్లో తిన్నది ఎలా అరిగిందయ్యా నీకు?"

"మీ దగ్గర ఫీజు పుచ్చుకోలేదుగా వదినా. మీ లాయర్ని ఎప్పుడయ్యాను?"

ఎక్కడికి పోతాం? ఆ ఇంట్లోనే టాల్బట్‌కి కౌలుదార్లమయ్యాం. ప్రాథర్ ఈసారి ఏకంగా దేశమంతటికీ చట్టాలు చేసే కాంగ్రెసు సభకి నిలబడ్డాడు. పక్కన టాల్బట్, ఎవరేం చెబుతారో చెవులు రిక్కించి వింటూ.

షెరీఫు మా ఆయన్ని పిలిచాడు. ఆయన పెదవులు కదిలాయి.

"వినపడలేదు ఈనక్, గట్టిగా చెప్పు."

"ప్రాథర్."

ప్రాథర్ లేచి, అప్పటిలాగే నడుం వంచాడు. "సంతోషం అన్నా!" తర్వాత నా దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. "ఒక రొట్టె పెట్టు వదినా."

గుడ్డ లాగి బుట్ట మీద కప్పేశాను.

"పెట్టవే," అన్నాడు వెనకనించి మా ఆయన, నా మొహం చూడకుండా. "తలదాచుకోవడానికి ఇల్లుండాలి."

పెట్టాను. బాగుందన్నాడు. ఇంకోటి తీసుకున్నాడు.