అంచున రాసిన ‘లేదు’

ఆరోజు శుక్రవారం. మధ్యాహ్నం రాతప్రతి యజమాని మనిషి వస్తాడు. దాన్ని పెట్టెలో సర్దుకుని విమానం ఎక్కుతాడు. ఆ తర్వాత అది మళ్లీ ఎవరి కంటా పడకపోవచ్చు. అందుకే తిర్సా పొద్దుటి నుంచీ బల్ల వదల్లేదు. పాత హీబ్రూ రాతల్లో ఏ మాట గురువుగారిది, ఏ మాట ఎత్తిరాసినవాడి పొరపాటు అని తేల్చడం ఆమె పని. యెరూషలేములో ఆ పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఈసారి మాత్రం ఆ మాట కోసం వరండాలో ఒక మనిషి ఎదురు చూస్తోంది.

ఆమె పేరు జొహారా. అక్కో రేవు నుంచి చేపల వేటకు వెళ్లిన ఆమె భర్త రహమీం ఏడేళ్లయినా తిరిగి రాలేదు. పడవ చెక్కలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మనిషి మునగడం చూసినవాళ్లు లేరు, శవమూ దొరకలేదు. యూదుల మత న్యాయస్థానం ఆమెను విధవ అనలేదు, మళ్లీ పెళ్లికీ ఒప్పుకోలేదు.

ఇలాంటి గొడవ మీదే పూర్వం ఒక గురువు తీర్పు ఇచ్చాడు. అచ్చుపుస్తకంలో అది ఇలా ఉంది: “ఆమె పెళ్లికి మేం సమ్మతించలేదు. మరుదులు ఆస్తి తీసుకోవడానికి సమ్మతించాం.” అచ్చుకు మూలమైన ఈ రాతప్రతి వరుసల్లో రెండుచోట్లా ‘సమ్మతించాం’ అనే ఉంది; ఆ ‘లేదు’ పక్క అంచులో ఉంది. దాన్ని తర్వాతెవరో చేర్చి ఉంటారని ఫొటో చూసి తిర్సా న్యాయస్థానానికి చెప్పింది. స్వయంగా చూస్తేగానీ నమ్మనని మతగురువు, న్యాయమూర్తి అయిన రబ్బీ ఎల్యాకీమ్ వచ్చి కూర్చున్నాడు.

“మీ పరిశోధకులకి ఈగ రెట్ట కూడా అక్షరమేనమ్మా. పెళ్లయిన ఆడదాన్ని ఇంకొకడికి కట్టబెట్టాక మొగుడు తిరిగొస్తే, పుట్టిన పిల్లల గతేంటి? నువ్వొచ్చి జవాబు చెప్తావా?”

“చూసి చెప్తాను, రబ్బీగారూ. కాస్త ఆగండి.”

తిర్సా భూతద్దం జరిపింది. అంచులోని ‘లేదు’లో ఆలెఫ్ అనే హీబ్రూ అక్షరం ఎడమకాలు చివర కొక్కెంలా వంగింది. వరుసల్లోని ప్రతి ఆలెఫ్‌కీ అదే కొక్కెం. సిరా కూడా అదే గోధుమరంగు. చేర్చింది వేరెవరో కాదు. రాసినవాడే తన తప్పు తాను దిద్దుకున్నాడు. అంటే ఆ ‘లేదు’ నిజంగా తీర్పులో ఉన్న మాటే.

రబ్బీ ఇంకా కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. ఆయనకు లిపుల సంగతి తెలియదు. ‘వేరే చేతిరాత’ అని ఒక్కమాట అంటే చాలు, పెళ్లికి అడ్డు తొలగిపోతుంది. తలుపు అవతల జొహారా గొంతు సవరించుకోవడం వినిపించింది. తిర్సా భూతద్దం పక్కన పెట్టింది.

“నేను చెప్పింది తప్పండీ,” అంది చివరికి. “ఇది అదే మనిషి రాసిన దిద్దుబాటు.”

రబ్బీ చేతిలో గుడ్డ ఆగిపోయింది. గెలిచినవాడిలా నవ్వుతాడనుకుంది తిర్సా. ఆయన నవ్వలేదు. “ఈ మాట నువ్వు దాచేయొచ్చుగా?”

“దాచి చేసిన పెళ్లి ఆవిడకెందుకండీ?”

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “సరే, దిద్దాడు. ఎక్కడ దిద్దాడు? నా ముసలి గుమాస్తా కూడా మాట చేర్చాలంటే వరుసలో ఒక గుర్తు పెడతాడు. ఇక్కడ గుర్తేదీ?”

ఫొటోలో గుర్తేమీ లేదు. అంచులోని మాట మొదటి వాక్యానికి ఎదురుగా ఉంది కాబట్టి అచ్చువేసినవాళ్లు అక్కడే కలిపేశారు. తిర్సా కూడా అలాగే అనుకుంది. పెద్దదీపం ఆర్పి, చిన్నదీపాన్ని తోలుకాగితం పక్కన బల్లకు ఆనించి పెట్టింది. ఏటవాలు వెలుగులో గీతల గాట్లు తేలాయి. మొదటి ‘సమ్మతించాం’ మీద ఏమీ లేదు.

“కిందికి జరుపు,” అన్నాడు రబ్బీ. ఆయన గొంతు మారింది. “ఇంకొంచెం. అదిగో! అదేంటమ్మా?”

రెండో ‘సమ్మతించాం’ నెత్తిన సిరా రాలిపోయిన చిన్న సున్న. కలం నొక్కిన గుంట మాత్రమే మిగిలింది. తిర్సా దీపం అటు నుంచి ఇటు మార్చింది. సున్న చెదరలేదు.

“ఆమె పెళ్లికి సమ్మతించాం,” అంటూ రబ్బీ మెల్లగా చదివాడు. “మరుదులు ఆస్తి తీసుకోవడానికి సమ్మతించలేదు.” కళ్లు మూసుకున్నాడు. “మొదటితరం గురువులు చెప్పిందీ ఈ వరుసేగా! మొగుడు పోయాడని భార్య చెప్తే పెళ్లి విషయంలో ఆ మాట నమ్ముతారు, ఆస్తి మరుదులకి ఇవ్వడానికి నమ్మరు. బట్టీ పట్టిన పాఠం! అచ్చులో తిరగబడి ఉంటే ఇన్నేళ్లు నాకు తట్టలేదు చూడు.”

యజమాని మనిషి తలుపు తట్టాడు. “ఆగవయ్యా! ఇంకో ఫొటో తీసుకోవాలి!” అని రబ్బీయే కసిరాడు.

తర్వాతి వారం ముగ్గురు న్యాయమూర్తులు కూర్చున్నారు. పడవ చెక్కలు, ఏడేళ్ల మౌనం, ఆ పాత తీర్పు అన్నీ కలిపి జొహారాను విధవగా ప్రకటించారు. తీర్పు రాసింది ఎల్యాకీమే.

జొహారా సంతోషిస్తుందనుకుంది తిర్సా. జొహారా న్యాయస్థానం మెట్ల మీద కూలబడింది.

“ఇక ఆయన లేడన్నట్టేగా, అక్కా?” అంది. “ఇన్నాళ్లూ ఏడిస్తే ఆయన్ని నేనే చంపినట్టు ఉంటుందని ఏడవలేదు. ఇప్పుడు కింద కూర్చుని ఏడు రోజులు దుఃఖం పాటించొచ్చా?”

“చావు జరిగి నెల దాటితే ఆ ఏడు రోజులు ఉండవు. ఒక్కపూట కూర్చోమన్నారు రబ్బీ,” అంది తిర్సా.

“ఒక్కపూటేనా?” అని జొహారా తలగుడ్డ కొంగును ముఖానికి అడ్డం పెట్టుకుంది. తిర్సా ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుంది.