కూత ఆగిన చోటు

చెవిటివాడట! ముప్పయ్యేళ్లుగా మైదానాల పక్కన ఎండకు మాడి, వానకు నాని, మోకాలి మీద కాగితం పెట్టుకుని ఆటల వార్తలు రాసిన లాజరుకి ఆ మాట ఒంటికి కారం రాసినట్టుంది. నిజమే, ఎడమ చెవి ఎప్పుడో పోయింది, కుడిది సగమే పనిచేస్తుంది. అయితే ఏం?

గొడవంతా ఒక్క వాక్యం గురించి. ఆదివారం పామర్రులో కబడ్డీ ఫైనల్. ఒకవైపు కూలిపనులు చేసుకునే ఆమోసు జట్టు, అవతల టోర్నమెంటు పెట్టిన ప్రెసిడెంటుగారి జట్టు. చెరి పద్దెనిమిది పాయింట్లు. చివరి కూతకొచ్చిన ప్రెసిడెంటుగారి అబ్బాయి దమ్ము చాలక మధ్యలో ఊపిరి పీల్చుకుని, మళ్లీ అందుకుని, ఆమోసుని తాకి పారిపోయాడు. కూత ఆగాక తాకితే తాకినవాడే ఔటు. అంపైరు మాత్రం పాయింటిచ్చాడు, దాంతో కప్పూ పోయింది. లాజరు ఉన్నదున్నట్టు రాశాడు: "తాకకముందే కూత ఆగింది."

సోమవారం మధ్యాహ్నం గవర్నర్‌పేట పత్రికాఫీసులో ఎడిటర్ వెంకటకృష్ణారావు ఆ వాక్యం మీద ఎర్ర పెన్సిలు ఆనించి కూర్చున్నాడు.

"లాజరుగారూ, ప్రెసిడెంటుగారు ఫోన్ చేశారండీ. చెవులు వినపడని మనిషి కూత ఆగిందని ఎలా రాస్తాడని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు? ఈ ఒక్క లైనూ తీసేద్దాం."

"తీసేస్తే మిగిలేది స్కోరండీ. అది రాయడానికి నేనెందుకు, అంపైరు చాలు."

లాజరుకి ఒళ్లు మండింది. ఆటల వార్తలంటే ఈ ఆఫీసులో మొదట్నించీ చులకనే. రాజకీయాలకి జాగా చాలకపోతే ముందు కోసేది వాటినే. సరే, భరించాడు. కానీ గెలిచినవాళ్లకి కప్పుంది, దండలున్నాయి, ఫోటో ఉంది. ఆమోసుకి ఆ వాక్యం తప్ప ఏముంది? అదీ నిలబెట్టలేకపోతే తను ఇన్నాళ్లూ రాసినవి వార్తలు కావు, శుభలేఖలు.

పంచె ఎగ్గట్టాడు.

"రెండు చెవులూ గట్టిగా మూసుకోండి సార్."

"ఏంటండీ ఇది?"

"మూసుకోండి. నా కూత ఎక్కడ ఆగితే అక్కడ కాలితో బల్ల తన్నండి."

ఆ గొంతులోని వేడికి ఎడిటర్ చెవుల్లో వేళ్లు పెట్టుకున్నాడు. యాభై ఎనిమిదేళ్ల లాజరు "కబడ్డీ కబడ్డీ" అంటూ బల్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. కంపోజింగ్ గదిలోంచి ఫోర్‌మన్ సుభాని పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఒక చుట్టు. రెండు. మూడో చుట్టుకి గుండె దడదడలాడింది, కళ్లు బైర్లు కమ్మాయి. కిటికీ దగ్గర, పెదాలు ఆడిస్తూనే, కాస్తంత ఊపిరి పీల్చుకుని మళ్లీ అందుకున్నాడు.

బల్ల ఠప్పుమంది.

"ఆగింది!" అని అరిచాడు ఎడిటర్, చెవుల్లో వేళ్లతోనే. "కిటికీ దగ్గర! భుజాలు పైకి లేచాయి!"

లాజరు కుర్చీ పట్టుకుని రొప్పాడు. ఎడిటర్ వేళ్లు తీసేదాకా ఆగాడు.

"ఆ అబ్బాయి భుజాలూ అలాగే లేచాయండి. చూసి రాశాను. ఇప్పుడు చేతులొస్తే ఆ లైను కొట్టేయండి."

వెంకటకృష్ణారావు ఎర్ర పెన్సిలు పక్కన పెట్టేశాడు. కాగితాన్ని అలాగే సుభాని చేతికిచ్చి, లాజరు వైపు తిరిగాడు.

"రేపు ప్రెసిడెంటుగారు మళ్లీ ఫోన్ చేస్తే?"

"నాకివ్వండి," అన్నాడు లాజరు. "ఎడమ చెవి దగ్గర పెట్టుకుంటాను."