కుంకుమ పెట్టిన ఫ్లాపీలు

తెనాలిలో మా ప్రెస్సుకు కంప్యూటరు వచ్చిన ఏడాదంతా జ్ఞానానందం ఒక్కడే కూర్చుని ఊరి వర్తకుల డైరెక్టరీ టైపు చేశాడు. అది సోమవారానికి అచ్చుకు ఎక్కకపోతే ప్రెస్సు మూసుకోవలసిందే. గురువారం, ఒక పేరు తప్పు పడిందని, యజమాని బ్రహ్మయ్యగారు అందరి ముందూ అతని చెంప మీద కొట్టారు. అతను ఫైళ్ళన్నిటికీ పాస్‌వర్డ్ పెట్టి రేపల్లె వెళ్ళిపోయాడు.

“పోతే పోయాడు. ఫ్లాపీల్లో కాపీలున్నాయిగా,” అని బ్రహ్మయ్యగారు నవ్వారు.

నేను పెట్టె తెరిచాను. మొన్న దసరా పూజలో ఆయనే ప్రతి ఫ్లాపీకీ తడి గంధం, కుంకుమ పెట్టారు. అది లోపలికి దిగి ఎండిపోయింది. ఒక్కదాన్నీ కంప్యూటరు చదవలేదు.

కబురు పంపితే శనివారం జ్ఞానానందం వచ్చాడు.

“ఏంటి సార్, నేను పోతే నవ్వారట, ఇవాళ నవ్వట్లేదు? ఆరోజు చూసినవాళ్ళందర్నీ పిలవండి. నేనూ ఒకటి కొడతాను. తర్వాత చూద్దాం.”

అందరం వచ్చి నిలబడ్డాం. అరవై ఏళ్ళ బ్రహ్మయ్యగారు కళ్ళజోడు తీసి నా చేతికిచ్చి, చెంప చూపించారు. జ్ఞానానందం తీరిగ్గా కొట్టాడు.

“ఇప్పుడు చెప్పు నాయనా, ఆ పాస్‌వర్డ్ ఏంటో.”

“నాకూ తెలీదండి,” అన్నాడతను చెప్పులు వేసుకుంటూ. “గుర్తుండకూడదనే పెట్టాను.”