ఇల్లు ఖాళీ

మీటరక్కకి ఒకటే గొప్ప. నీళ్ల మీటరు మూత ఎత్తి అంకెలు చూసిందంటే చాలు, ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నారో, చుట్టాలెప్పుడు దిగారో, ఇల్లాలు అలిగి ఎప్పుడు పుట్టింటికి వెళ్లిందో చెప్పేస్తుంది. శివారు కాలనీలో ఇరవై రెండేళ్లుగా అదే పని. ఒక్క రీడింగు తప్పు పోలేదని చెప్పుకుంటుంది. వినేవాళ్లు ఆవలిస్తున్నా వదలకుండా చెబుతుంది. అలాంటి మనిషికి ఆ సోమవారం పొద్దుట్నుంచీ కాలు ఒక చోట నిలవడం లేదు.

కారణం చివరింటాయన. ఏదో దూరదేశం నుంచి వచ్చి, కాలనీ చివరింట్లో మూడు నెలలుగా అద్దెకుంటున్నాడు. పొద్దున నీళ్ల ఆఫీసు కౌంటరు ముందు మూడు బిల్లులు పట్టుకుని నిలబడ్డాడు. మూడింటి మీదా ఒకటే రిమార్కు: ‘ఇల్లు ఖాళీ’. ఆ మూడు నెలలూ అక్కడే ఉన్నానని శుక్రవారంలోగా రుజువు చూపకపోతే పర్మిట్ పొడిగించరట. దేశం వదిలి పోవాల్సిందేనట. మాటలు కూడదీసుకుని అదంతా చెప్పాడు.

“రాసినావిడ ఇక్కడే ఉంది, ఆవిణ్ణే అడుగు,” అన్నాడు గుమాస్తా.

“మూడు నెలలకీ కలిపి ముప్పై బకెట్లు తిరగలేదు నీ మీటరు. అది మనిషి వాడకమా, పిచ్చుక వాడకమా?” అని కసిరింది మీటరక్క.

ఆయన బిల్లులు మడత పెట్టి జేబులో పెట్టుకుని, “సరే మేడమ్,” అని వెళ్లిపోయాడు. పోట్లాడి ఉంటే బాగుండేది. పోట్లాడేవాళ్లని దులిపేయడం ఆవిడకి మంచినీళ్ల ప్రాయం. ఈ ‘సరే’ మాత్రం చెప్పులో రాయిలా రోజంతా గుచ్చింది. ఒకే ఇంటి రీడింగు రెండుసార్లు రాసింది. ఇంటికొచ్చి మొగుడి మీద విరుచుకుపడింది, ఎదురుగా ఆయనొక్కడే ఉన్నాడు కనక.

అసలు సంగతి వేరే ఉంది. వాడకం మరీ తక్కువగా ఉంటే తలుపు కొట్టి చూడాలి, ఎవరూ పలక్కపోతేనే ఖాళీ అని రాయాలి. అదీ రూలు. మీటరక్క కొట్టలేదు. మూడు నెలల్లో ఒక్కసారీ కొట్టలేదు. అంకెలే చెబుతుంటే తలుపుతో ఏం పని అనుకుంది.

చీకటి పడకముందే చివరింటికి వెళ్లి తలుపు కొట్టింది. కొట్టిన చెయ్యి దించకముందే తలుపు తెరుచుకుంది.

లోపల ఒక మంచం, ఒక కుర్చీ. కుర్చీ ఆవిడకిచ్చి ఆయన సూట్‌కేసు మీద కూర్చున్నాడు. ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోట పని. స్నానం అక్కడే, తిండి అక్కడే, తన బట్టలూ అక్కడే ఉతుక్కుంటాడు. “ఇక్కడ టీ ఒక్కటే. ఒక్కడి కోసం వండాలనిపించదు.”

“నేను మీటరు చూడ్డానికి వచ్చినప్పుడు పనిలో ఉండుంటావులే,” అంది మీటరక్క. అవుననాలని ప్రాణం లాగేస్తోంది. అవునంటే, కొట్టినా ఒకటే, కొట్టకపోయినా ఒకటే.

“లేదు. మీరు నెలలో మొదటి బుధవారం వస్తారు. ఆ రోజు సెలవు పెడతాను.”

“నేనొస్తే నీకు సెలవెందుకు?”

“ఈ ఇంటికి వచ్చేది మీరొక్కరే. రెండు కప్పుల టీ పెట్టేవాణ్ణి. మూత తీసిన చప్పుడు, వేసిన చప్పుడు. తర్వాత మీరు వెళ్లిపోయేవారు.”

“తలుపు తీసి పిలవకూడదటయ్యా?”

“ఒకసారి పక్కింటావిణ్ణి పలకరించాను. లోపలికెళ్లి గడియ పెట్టుకుంది. మీరూ భయపడితే, ఇక రారేమో అనుకున్నాను.”

మీటరక్క సిగ్గుతో చచ్చిపోయింది. లేచి వచ్చేసింది.

జరిగిందంతా పర్మిట్ ఆఫీసులో రాసిస్తానంటే ఇంట్లో మొగుడు మొత్తుకున్నాడు. వచ్చే నెల సూపర్‌వైజర్ పోస్టు ఆవిడదే. “కొట్టలేదని రాసిచ్చావంటే అది గోవిందా. కొట్టాను, ఉన్నాడు, పొరపాటున ఖాళీ అని పడింది అని రాసేయొచ్చుగా? అతని పనీ అవుతుంది, నీ పోస్టూ నిలుస్తుంది.”

నిజమే అనిపించింది. గురువారం అలాగే రాసింది. రాసి, గదిలో అటూ ఇటూ తిరిగి, మళ్లీ చదివి, చించేసింది. “ఆ మనిషి మూడు నెలలు ఎదురుచూసిన పలకరింపు ఇచ్చేశానని రాయమంటావా? ఇవ్వందే?” అంది.

శుక్రవారం పర్మిట్ ఆఫీసులో, చివరింటాయన పక్కన కూర్చుని జరిగింది జరిగినట్టు రాసిచ్చింది. ఆఫీసరు రెండుసార్లు చదివాడు.

“రిమార్కు తప్పయితే అద్దె కాగితం చాలు. కానీ దీని కాపీ మీ ఆఫీసుకి వెళ్తుంది, తెలుసా?”

“తెలుసు. ముందు స్టాంపు వెయ్యండి,” అంది మీటరక్క.

ఏడాది పొడిగించారు. బయట మెట్లు దిగుతూ చివరింటాయన అడిగాడు. ఇక్కడి అక్షరాలు ఆయనకింకా రావు. “ఏం రాశారు మేడమ్?”

“తలుపు కొట్టకుండానే ఇల్లు ఖాళీ అని రాశానని.”

“నేను లోపలున్నానని మీకు తెలియదు కదా,” అన్నాడు ఆవిణ్ణి ఓదారుస్తున్నట్టు.

“తెలుసుకోవడమే కదయ్యా నా ఉద్యోగం,” అంది మీటరక్క. వచ్చేపోయేవాళ్లు చూస్తారన్న ధ్యాస కూడా లేకుండా ఆ మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. ఆయనా వచ్చి పక్కనే కూర్చున్నాడు.