నాలుగో సినిమాలో ఆమె

పొద్దున్నే జుట్టు దువ్వుకోవడానికే ఆమెకి గంట పట్టేది. స్టూలెక్కి నిలబడితే తప్ప కొసలు నేలకి రాసుకునేవి. ఆ జుట్టు పుట్టుకతో వచ్చింది కాదు, మొదటి సినిమా ఇచ్చింది.

ఆమె భర్త సినిమా రచయిత. ఒకే ఒక్క పాత నవలని తిప్పి తిప్పి ముగ్గురు నిర్మాతలకి అంటగట్టిన ఘనుడు. నవలలో కథానాయిక పొట్టి మనిషి. గడియారాలు బాగుచేసి బతుకుతుంది, నచ్చని మాట మొహం మీదే అనేస్తుంది. అలాంటిదాన్ని తెర మీద ఎవరు చూస్తారని, ఆయన సినిమా సినిమాకీ ఆమెని కాస్త కాస్త మార్చుకొచ్చాడు. నిర్మాత కథ విని ‘సరే’ అన్న క్షణాన ఆ మార్పు ఇంట్లో భార్యకి వచ్చేసేది. రచయితల ఇళ్లలో ఇవన్నీ మామూలే కదా.

రెండో సినిమాలో నాయిక పని మానేసింది. అప్పటిదాకా డ్రైవింగ్ స్కూల్లో పదిమందికీ కారు నేర్పిన ఈమెకి, మర్నాడు సీట్లో కూర్చుంటే క్లచ్ ఏదో బ్రేక్ ఏదో కాళ్లకి గుర్తు రాలేదు. “సినిమా ఖాయమైందన్నమాట,” అని స్కూలు యజమాని తాళాలు తీసేసుకున్నాడు. మూడోదాంట్లో నాయిక అందరినీ క్షమించింది. అప్పట్నుంచీ ఈమెకి కోపం గొంతుదాకా వచ్చి కన్నీళ్లుగా మారిపోయేది. అత్తగారికి మూడు సినిమాల్లోనూ అదే నచ్చింది.

“ఈసారి చివర్లో మూగదైపోతుంది,” అన్నాడు భర్త ఒకరోజు, భోజనాల దగ్గర.

“ఎందుకండీ?”

“మాట్లాడే ఆడదాన్ని చూస్తే జనానికి జాలి పుట్టదట.”

“మరి నా సంగతి?”

“నువ్వు రోజంతా ఎవరితో మాట్లాడతావు గనక?” అన్నాడాయన. వెటకారం ఏమీ లేదు, నిజంగానే అడిగాడు.

“సైగలు ఇప్పట్నుంచే నేర్చుకో అమ్మా, తర్వాత నాకు అర్థం కాక చావాలి,” అంది అత్తగారు.

ఆమెకి ఒళ్లు మండింది. కళ్లు తుడుచుకుని గిన్నెలు తీసింది. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ లేనప్పుడల్లా ఆమె ఊరికే మాట్లాడుతూ ఉండేది, కుళాయితో, కిటికీతో. చనిపోయిన తల్లిని ‘అమ్మా’ అని పైకే పిలిచేది. రేపు ఆ ఒక్క మాట కూడా ఉండదంటే ఆమెకి చచ్చేంత భయంగా ఉంది.

అన్ని పాత్రలూ తనే అయి గదిలో అరిచి అరిచి, నిర్మాత వచ్చే రోజుకి రచయిత గొంతు పూర్తిగా పోయింది. కాగితాలు భార్య చేతిలో పెట్టి చదవమన్నట్టు చూశాడు. ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి కదా, అనుమానం రాలేదు.

ఆమె చదివింది. నిర్మాత గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నాడు. చివరి కాగితం దగ్గర ఆమె ఆగిపోయింది. ఇంకో నాలుగు వాక్యాలు చదివితే తన మాట తన నోటితోనే పోతుంది. కాగితం బోర్లించి, పెళ్లికి ముందెప్పుడో చదివిన ఆ నవల అసలు ముగింపు చెప్పడం మొదలుపెట్టింది.

“ఆమె చేతిలో గడియారం బల్ల మీద పెట్టేసింది. ‘ఇక్కడ నేను బతకలేను’ అంది. అందరికీ వినబడేలా అంది. చెప్పులేసుకుని వెళ్లిపోయింది.”

రచయిత ఆమె కొంగు పట్టి గుంజాడు.

“మళ్లీ వెనక్కి వస్తుందా?” అన్నాడు నిర్మాత.

“రాదండీ.”

“వస్తే బాగుంటుందేమో.”

ఆయన ఆ మాటకే ‘సరే’ అనుకుంటే, ఆమెకి జన్మంతా గుమ్మందాకా వెళ్లి తిరిగి రావడమే మిగులుతుంది. నిర్మాత రచయిత వైపు చూశాడు. ఇదంతా నా కథే కాదని చెప్పడానికి పాపం ఆయన రెండు చేతులూ అడ్డంగా ఊపాడు, తలా ఊపాడు.

“మీరూ రాదనే అంటారా? సరే, ఇలాగే ఉంచుదాం.”

ఆమె కాళ్లు వాటంతటవే గుమ్మం వైపు తిరిగాయి. చెప్పులేసుకుని వీధి తలుపు బార్లా తీసింది.

“తలుపు వేసి వెళ్లమ్మా, దుమ్మొస్తుంది,” అంది అత్తగారు లోపల్నుంచి.

“లేచి మీరే వేసుకోండి అత్తయ్యా,” అందామె. కోపంగానే అంది. మెట్లు దిగుతూ ఎందుకైనా మంచిదని కళ్లు తడిమి చూసుకుంది. పొడిగానే ఉన్నాయి.