బుల్లి, మేనేజరు, ఒక గేటు స్తంభం

మా ఆయనకీ మా బావగారికీ మాటల్లేకపోవడానికి కారణం ఒక గేటు స్తంభం.

కిందటేడు మా ఆయన కారు కొని, ముందు అన్నగారికే చూపించాలని వాళ్ళింటికి తీసుకెళ్ళారు. కారుని వెనక్కి నడిపి గేటు లోపల పెడుతుంటే బావగారు వెనకాల నిలబడి "రా, రా, ఇంకా రా" అన్నారు. కాసేపటికి "రా" అనడం మానేశారు. మా ఆయన రావడం మానలేదు. కారు వెనక లైటూ, స్తంభం మీది సిమెంటూ ఒకేసారి రాలాయి.

"ఆపమని చెప్పొద్దా?" అన్నారు మా ఆయన.

"రా అనడం మానేశానంటే ఆగమనే కదరా! రమ్మన్నానుగానీ గుద్దమన్నానా?" అన్నారు బావగారు.

అంతే. బావగారు స్తంభం బాగుచేయించలేదు. మా ఆయన లైటు మార్పించారుగానీ సొట్ట తీయించలేదు. ఎవరి సాక్ష్యం వాళ్ళు భద్రంగా ఉంచుకున్నారు.

మా తోడికోడలూ నేనూ మాత్రం రోజూ అంట్లు తోముకోవడం అయ్యాక ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఆ సంగతి అన్నదమ్ములిద్దరికీ తెలుసు. తెలియనట్టు ఉండటం వాళ్ళ పరువుకి సంబంధించిన విషయం. ఆవిడ నాకంటే పెద్దది, అక్కా అని పిలుస్తాను. అత్తవారి వైపు నేను మనసు విప్పి మాట్లాడగలిగిన మనిషి ఆవిడ ఒక్కతే.

ఈమధ్య ఒకరోజు అక్క గొంతు తగ్గించి, "మాకు ట్రాన్స్‌ఫర్ అయిందే. నెలాఖరుకి వెళ్ళిపోవాలి. ఇక్కణ్ణించి ఒక రాత్రంతా రైలు ప్రయాణం" అంది.

"మా ఆయనకి చెప్పనా?"

"వద్దు. నువ్వు చెప్తే తెలిసినట్టవుతుంది. తెలిసీ పలకరించలేదని ఈయన ఇంకో గొడవ పెట్టుకుంటారు."

ఆ రోజంతా నాకు పని మీద మనసు లేదు. ఒకే ఊళ్ళో ఉండి మాట్లాడుకోని అన్నదమ్ములు ఎప్పుడో ఒకప్పుడు ఏ మందుల షాపులోనో ఎదురుపడతారు. ఊళ్ళు వేరైతే ఇక అంతే సంగతులు. ఆ మౌనం అలాగే బిగుసుకుపోతుంది. అక్కా నేనూ పండిపోయిన తలలతో, ఫోన్లో, దొంగతనంగానే మాట్లాడుకుంటూ ఉంటాం.

ఆ వారంలోనే బుల్లి ఎదకు వచ్చింది.

బుల్లి మా లాబ్రడార్. పేరు పెట్టినప్పుడు అరచేతిలో పట్టేది, ఇప్పుడు సోఫాలో పట్టదు. మూడేళ్ళు నిండాయి. దాని పిల్లనొకదాన్ని ఇంట్లో పెంచుకోవాలని మా ఆయన ఎప్పటినుంచో అంటున్నారు. క్రాసింగ్ విషయం అడగడానికి ఇద్దరం దాన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ పరీక్షలు చేసి ఎల్లుండి సరైన రోజని చెప్పింది.

"ఆడకుక్కకి మొదటిసారి. మగకుక్కకైనా అనుభవం ఉండాలి, నెమ్మదైనదై ఉండాలి. నా దగ్గరికి వచ్చేవాటిలో అన్ని విధాలా బాగున్నది మేనేజరే" అంది.

మేనేజరు బావగారి కుక్క. ఇంట్లోనైనా మేనేజరు తను కూర్చోమంటే కూర్చోవాలని ఆయన ఏరికోరి పెట్టిన పేరు.

"ఊళ్ళో ఇంకో కుక్కే లేదా?" అన్నారు మా ఆయన.

"ఇంకోటుంది. దానికి తుంటి ఎముక బాగాలేదు. పిల్లలకీ వస్తుంది."

మా ఆయన గోడ మీద క్యాలెండరు చూస్తూ ఉండిపోయారు. డాక్టరమ్మ మిగతాదంతా నాకే చెప్పింది. మగకుక్క కొత్త చోటికి వస్తే వాసనలు చూడటంలోనే పొద్దుపుచ్చుతుంది కాబట్టి ఆడకుక్కనే వాళ్ళింటికి తీసుకెళ్ళాలి. జత కలిశాక ముడి పడుతుంది. రెండూ తోకలు కలిపి, చెరోవైపు తిరిగి నిలబడిపోతాయి. అప్పుడు ఏది లాగినా రెండింటికీ దెబ్బే. అందుకని బాగా అలవాటైన మనుషులు చెరోదాని తలా పట్టుకుని కదలకుండా కూర్చోవాలి.

"ఎంతసేపండీ?"

"పది నిమిషాలు కావచ్చు, అరగంట కావచ్చు. మన చేతుల్లో లేదు."

"మధ్యలో లేచి వెళ్ళిపోతే?"

"అస్సలు కుదరదమ్మా."

నేను భయపడుతున్నాననుకుని ఆవిడ నా భుజం తట్టింది. ఇంటికి రాగానే అక్కకి ఫోన్ చేసి ఆ మాటలే పొల్లు పోకుండా అప్పజెప్పాను. అక్క ఊఁ కొడుతూ అంతా వింది. తరవాత, "మేనేజరు ఈయన పట్టుకుంటే తప్ప నిలబడడు" అంది.

"బుల్లి కూడా మా ఆయన పట్టుకుంటేనే నిలబడుతుందక్కా" అన్నాను.

అంతకుమించి ఏమీ అనుకోలేదు.

అటు అక్క, "కుక్కకీ కుక్కకీ గొడవేం లేదు కదండీ" అని బావగారిని ఒప్పించింది. ఇటు మా ఆయన ఒక షరతు పెట్టారు.

"సందు మొదట్లో దింపుతాను. ఆ గేటు దగ్గరికి మాత్రం రాను. బుల్లిని నువ్వు తీసుకెళ్ళు."

సరేనన్నాను. బుల్లి సరేనలేదు. కారు దిగి, ఆయన దిగకపోవడం చూసి, రోడ్డు మధ్యలో చతికిలబడింది. ముందునుంచి లాగాను, వెనకనుంచి తోశాను. ఒక సైకిలతను ఆగి, "కారులో ఉన్న సారు పిలిస్తే వస్తుందేమోనండీ" అన్నాడు. సారు దిగారు. బుల్లి తోక ఊపుకుంటూ ఆయన పక్కన నడిచింది. స్తంభం పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఆయన దాని వంక చూడలేదు. అదెక్కడుందో బాగా తెలిసినవాళ్ళే అలా చూడకుండా వెళ్ళగలరు.

అక్క వెనక గది ఖాళీ చేసి, కాళ్ళు జారకుండా రబ్బరు పట్టా పరిచి, నాలుగు మూలలా టేపు అంటించింది. గోడ వారగా అట్టపెట్టెలు తాళ్ళు కట్టి పేర్చి ఉన్నాయి. వాటిని తీయలేదేమని నేను అడగలేదు.

బావగారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "మేనేజరూ, వచ్చినవాళ్ళని కూర్చోమను" అన్నారు.

"బుల్లీ, మనం కూర్చోడానికి రాలేదని చెప్పు" అన్నారు మా ఆయన.

కుక్కలు ఈ మాటలు చేరవేయలేదు. వాసనలు చూసుకుని, గదంతా పరుగులు పెట్టి, అక్క పెట్టిన నీళ్ళు ఒకే గిన్నెలో తాగాయి. మేనేజరు దగ్గరికి రాగానే బుల్లి కూలబడిపోయేది. మా ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని దాని తల ఒళ్ళోకి తీసుకుంటే గానీ నిలబడలేదు. ఆ తరవాత డాక్టరమ్మ చెప్పిన క్రమంలోనే అంతా జరిగింది. మేనేజరు కాలు దాటించి అటు తిరిగాడు. బావగారు గబగబా వచ్చి వాడి మెడ పట్టుకుని కూర్చున్నారు.

కుక్కలు తోకలు కలిపి నిలబడితే, వాటి తలలు పట్టుకున్న మనుషులు ఎదురెదురుగా ఉంటారు. ఈ ముక్క డాక్టరమ్మ విడిగా చెప్పలేదు.

ఇద్దరూ ఒకరినొకరు చూడకుండా ఉండటానికి చెరో కుక్క చెవులూ పరీక్షగా చూశారు. అంతలో బుల్లి బెదిరి కుయ్యిమని ముందుకి గుంజింది. మేనేజరు మూలిగాడు.

"ఒరేయ్, లాగనీకు!" అన్నారు బావగారు. "ఇటు రా... రా... ఇంకాస్త రా..."

మా ఆయన బుల్లిని వెనక్కి జరుపుతూ మోకాళ్ళ మీద ముందుకి జరిగారు. బావగారు రా అనడం మానేశారు.

మా ఆయన తలెత్తారు. "మానేశావు. ఆగమనేనా?"

అక్క సీలింగు ఫ్యాను చూసింది. నేను పట్టాకి అంటించిన టేపు చూశాను.

"ఆగమనే" అన్నారు బావగారు.

"ఆ ముక్క నోటితో అంటే ఏం పోయింది?"

"నీకు అద్దాలెందుకురా మరి? కారు చేసినవాడు మూడు పెట్టాడు, ఊరికే పెట్టాడా?"

"నువ్వుండగా అద్దమెందుకనుకున్నాను!"

"గట్టిగా అరవకండి, అవి బెదురుతాయి" అంది అక్క.

దాంతో ఇద్దరూ గొంతులు తగ్గించి పోట్లాడుకున్నారు. స్తంభం, లైటు, ఆ రోజు ఎవరు ముందు గేటు ధడేల్‌మని వేశారు, అన్నీ గుసగుసల్లోనే. కోపం గుసగుసల్లో ఎక్కువసేపు నిలవదు. కాసేపటికి అనాల్సినవన్నీ అయిపోయాయి. కుక్కలది అవలేదు.

"కాలు తిమ్మిరెక్కింది" అన్నారు బావగారు మేనేజరుతో.

"చాపుకో అన్నయ్యా. ఇటు నేను గట్టిగానే పట్టుకున్నాను."

బావగారు కాలు చాపారు. అడ్డొచ్చిన అట్టపెట్టె పక్కకి జరిగింది. మా ఆయన అప్పుడు చూశారు వాటిని.

"ఆ పెట్టెలేంటి?"

అందరూ మేనేజరు జవాబు చెప్తాడేమో అన్నట్టు ఉన్నారు.

"ట్రాన్స్‌ఫర్. నెలాఖరుకి" అన్నారు బావగారు.

"నాకు చెప్పవా?"

"చెప్పే దారెక్కడుందిరా?"

మా ఆయన బుల్లి నుదురు చాలాసేపు నిమిరారు. "ఇల్లు చూసుకున్నావా అక్కడ?"

"చూశాం. రెండో అంతస్తు."

"నీ మోకాళ్ళతో రెండో అంతస్తేంటి? వదినా, మీరైనా చెప్పొద్దా?"

"నేను చెప్తే వినే మనిషైతే ఏడాది ఇలా ఉండేవారా?" అంది అక్క.

"కింద ఇల్లు దొరకదా? నేను సెలవు పెట్టి వస్తాను, ఇద్దరం తిరుగుదాం. గేటుందా దానికి?"

"ఉంది. స్తంభాల్లేవు. గోడకే బిగించారు."

మా ఆయన నవ్వలేదు. బావగారూ నవ్వలేదు. కానీ అద్దె ఎంత, నీళ్ళెలా, సామాను లారీ ఎవరు మాట్లాడారు అని మొదలుపెట్టి, మాట్లాడుతూనే ఉన్నారు. ఈలోగా కుక్కలు విడిపోయాయి. బుల్లి పడుకుని ఒళ్ళు నాక్కుంటోంది, మేనేజరు నిద్రపోయాడు. అన్నదమ్ములిద్దరూ మాత్రం చెరో మెడ మీదా చెయ్యి వేసుకుని కదలకుండా కూర్చునే ఉన్నారు. అక్క నా చెయ్యి గిల్లింది. ఇద్దరం వంటింట్లోకి వెళ్ళిపోయాం.

బయల్దేరేటప్పుడు నేను, "బుల్లిని కాసేపు నడిపించొద్దన్నారు డాక్టరమ్మ" అన్నాను. ఇది ఆవిడ నిజంగానే అన్న మాట.

"అయితే కారు లోపలికి తీసుకురా" అన్నారు బావగారు. ఆ మాట అన్నాక ఆయనకే స్తంభం గుర్తొచ్చినట్టుంది. గేటు రెండు రెక్కలూ బార్లా తీసి, మామూలు కంటే దూరంగా వెళ్ళి నిలబడ్డారు.

మా ఆయన కారుని సందులోకి తెచ్చి వెనక్కి తిప్పారు. అద్దాలు చూడలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి అన్నగారినే చూశారు.

"రా... రా... రా..." అన్నారు బావగారు. అని, "ఆపు!" అని వీధి వీధంతా వినపడేలా కేకేశారు.

మా ఆయన ఠక్కున ఆపారు. స్తంభానికీ కారుకీ మధ్య ఇంకో కారు పట్టే చోటుంది. అక్కడ ఆపితే బండి గేట్లోకి తిరగదని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట అనలేదు. మా ఆయన ముందుకి వెళ్ళి, మళ్ళీ మొదటినుంచి వెనక్కి రావడం మొదలుపెట్టారు.